మా ఆడబిడ్డ కార్డులో నంబరు మార్చిన రోజు

మా ఆడబిడ్డ మొగుడు తాగడు. బంధువుల్లో ఆయనకు అదే పెద్ద పేరు. "చుక్క ముట్టడు, పత్తాలాడడు, కోడి కూయంగనే లేచి బజారుకు పోతడు, ఇంతకంటె ఏం గావాలె?" అనేది మా అత్త, బతికున్న రోజుల్లో. తాగి కొట్టే మగవాళ్ళను మా బస్తీలో చాలామందిని చూశాను. వాళ్ళు చేతికి ఏది దొరికితే దానితో కొడతారు. పొద్దున లేచి కాళ్ళ మీద పడతారు, లేకపోతే ఏమీ గుర్తు లేనట్టు టీ అడుగుతారు. ఈయన అట్లా కాదు. ఈయన ఆలోచించి కొట్టేవాడు. ఎర్రగడ్డ రైతు బజారు బయట ఉల్లిగడ్డలు, ఎల్లిగడ్డలు అమ్ముతాడు. తక్కెడలో వేసే కిలో రాయిని తడి తువ్వాలులో చుట్టి, బిగించి ముడి వేసి, వీపు మీద, తొడల మీద కొట్టేవాడు. అట్లా కొడితే తోలు పగలదు, రక్తం రాదు. లోపల మాత్రం నెల దాకా నల్లగా గడ్డ కట్టి ఉంటుంది. ముఖం జోలికి వచ్చేవాడు కాదు. ముఖం నలుగురూ చూసేది గదా.

ఆ కట్టుబాటు కూడా ఒకరోజు తప్పాడు.

నేను అమీర్‌పేటలో ఒక లేడీస్ హాస్టల్లో వంట చేస్తాను. కంప్యూటర్ కోర్సులు నేర్చుకునే ఆడపిల్లలు, ఉద్యోగాలు వెతుక్కునే ఆడపిల్లలు, తెల్లవారేసరికి ఇడ్లీ కావాలని పళ్ళేలు మోగిస్తారు. ఆ రోజు ఇడ్లీలు దింపి, చట్నీకి తాలింపు పెట్టి, బల్కంపేటలో మా ఇంటికి వచ్చేసరికి గడప మీద మా ఆడబిడ్డ కూర్చుని ఉంది. చీర చెంగు చెవికి అదిమి పట్టుకుంది. తీయమంటే తీయలేదు. నేనే లాగాను. చెవిలోంచి కారిన రక్తం మెడ మీదికి దిగి, ఎండి, నల్లపూసలకు అంటుకుపోయి ఉంది.

"ఏమైందే పిల్లా?"

"గట్టిగ చెప్పు వదినా. ఈ పక్క వినిపిస్తలేదు."

ఇంట్లోకి తీసుకుపోయి, వేణ్ణీళ్ళు పెట్టి, మెడ తుడుస్తూ ఉంటే ముక్కలు ముక్కలుగా చెప్పింది. పంజాగుట్టలో ఒక పెద్ద ఆసుపత్రిలో వార్డు ఆయాలను తీసుకుంటున్నారని మా బస్తీలో ఒకావిడ చెప్పింది. ఆమె అక్కడే పనిచేస్తుంది. ఉన్న ఒక్క కూతురూ గురుకులంలో చదువుకుంటోంది, ఇంట్లో ఒక్కదాన్నే కూర్చుని ఏం చేయాలి, నేనూ పోతానని మా ఆడబిడ్డ తన మొగుణ్ణి అడిగింది. అడిగినందుకే ఇదంతా.

"ముందుగాల నా ఫోను కింద పెట్టి కిలో రాయితోని పలగ్గొట్టిండు వదినా. నేను పోన్లే అన్న. 'పోన్లే అంటవానే' అని చెవు మీద గుంజి కొట్టిండు."

మా ఆయన ఆటో నడుపుతాడు. మెట్రో స్టేషన్ కింద ఆయన అడ్డా. కబురు అందగానే వచ్చాడు. చెల్లెలి చెవి చూశాడు, పళ్ళు నూరాడు, "బావతోని నేను మాట్లాడ్త" అని అప్పటికప్పుడు ఆటో తిప్పుకుని ఎర్రగడ్డ పోయాడు. మధ్యాహ్నం భోజనం వేళకు తిరిగి వచ్చాడు. చేతిలో ఉల్లిగడ్డల సంచి ఉంది.

"బావ ఇచ్చిండు. వద్దంటే వినలే," అన్నాడు.

"చెల్లె చెవు ఇచ్చి ఉల్లిగడ్డలు తెచ్చుకున్నవా?" అన్నాను. ఆయన సంచి మూలన పడేసి, అన్నం తినకుండా బయటికి పోయాడు.

ఆయనను ఒక్కణ్ణే అని ఏం లాభం? మా వాళ్ళలో ఇంటల్లుడంటే అంతే. బోనాలకు ముందు పిలుపు ఆయనకే. కాళ్ళకు నీళ్ళు ఇవ్వాలి, కొత్తబట్టలు పెట్టాలి, మాంసంలో మంచి ముక్క ఆయన పళ్ళెంలో పడాలి. అంతటితో అయిపోదు. ఇంట్లో ఏ పని మొదలుపెట్టినా అల్లుడి చెవిన వేయాలి. బోరు వేసినా, పిల్లను చూడటానికి పోయినా, చివరికి ఇంటికి సున్నం వేయించినా "బావకు చెప్పినవా?" అని అడుగుతారు. చెప్పకపోతే మర్యాద తప్పినట్టు. మా ఆయనకు ఆ మర్యాద ఎముకల్లోకి ఎక్కిపోయింది.

మా ఆడబిడ్డ మాత్రం తిరిగి పోలేదు. చెవిలో చుక్కల మందు వేసుకుని, దూది పెట్టుకుని, మూడోనాడే ఆసుపత్రికి పోయింది. నేనూ వెంట పోయాను. వార్డు పనులన్నీ కాంట్రాక్టరు చూస్తాడట. ఆ కాంట్రాక్టరు తరపున ఒక సూపర్‌వైజరు సెల్లార్లో, జనరేటరు పక్కన చిన్న గదిలో కూర్చుంటాడు. మనిషి చెడ్డవాడు కాదు. మా ఆడబిడ్డను నిలబెట్టి నాలుగు మాటలు అడిగాడు, పనికి సరే అన్నాడు. జీతం పడటానికి ఖాతా తీయాలని ఆధార్ కార్డు తీసుకుని కంప్యూటర్లో కొట్టాడు.

"ఓటీపీ వచ్చి ఉంటది, చెప్పమ్మా," అన్నాడు.

ఎక్కడికి వస్తుంది? కార్డులో ఉన్న నంబరు మొగుడిది. మొదట్లో ఈ కార్డులు తీసినప్పుడు బస్తీల్లో కమ్యూనిటీ హాల్లో మిషన్లు పెట్టి తీశారు. ఆడవాళ్ళకు అప్పుడు ఫోన్లెక్కడివి? కళ్ళు, వేళ్ళు మావి తీసుకున్నారు. నంబరు చెప్పమంటే పక్కన నిలబడ్డ మగవాళ్ళు వాళ్ళ నంబర్లు చెప్పారు. నాది మా ఆయన నంబరే, మా అత్తది కూడా మా ఆయన నంబరే. అప్పుడు అది తప్పని ఎవరికి తెలుసు? ఇప్పుడేమో ఈమె పేరుతో ఎక్కడ ఏ పని మొదలుపెట్టినా, ముందు ఎర్రగడ్డలో ఆయన జేబులో ఫోను మోగుతుంది. ఆయన చెబితేనే పని ముందుకు నడుస్తుంది.

మా ఆడబిడ్డ నా ఫోను నుంచి మొగుడికి ఫోను చేసింది. స్పీకర్లో పెట్టింది, చెవి వినపడక.

"ఫోన్ల జెప్ప," అన్నాడు ఆయన. "మనిషొస్తే చెప్త."

సూపర్‌వైజరు మంచితనంతో, "సరే, మీరు ఆయన దగ్గరికి పోయినంక నాకు ఫోన్ చెయ్యండ్రి, అప్పుడు ఓటీపీకి మల్ల ఒత్తుత. కొద్దిసేపే ఉంటది, జల్ది చెప్పాలె," అన్నాడు. వద్దే పిల్లా, ఇది మంచికి కాదు అన్నాను. "బజార్ల అందరి ముంగట ఏం చేస్తడు వదినా?" అంది.

ఏం చేశాడో చెబుతాను.

రైతు బజారు బయట పట్టపగలు, మనుషులు భుజాలు రాసుకుని నడిచే వేళ. ఆయన సంచుల మీద కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి, "బాగున్నవా చెల్లె? కూసో," అని ఖాళీ డబ్బా జరిపాడు. వరసకు నాకు అన్న అవుతాడు, ఏనాడూ నన్ను నోరు జారి ఒక మాట అనలేదు. నేను సూపర్‌వైజరుకు ఫోను కలిపాను. అటు ఆయన ఒత్తాడు. ఇటు ఈయన జేబులో ఫోను టింగుమంది. తీసి, దూరంగా పట్టుకుని, కళ్ళు చిన్నవి చేసుకుని చూశాడు.

"ఏడు," అన్నాడు. అని, లేచి, మా ఆడబిడ్డ చెంప మీద ఫెడీమని కొట్టాడు.

నాకు ఒక్క క్షణం ఏమీ అర్థం కాలేదు. అర్థమై ఆయన చేయి పట్టుకోబోతే, మా ఆడబిడ్డ మోచేత్తో నన్ను వెనక్కి నెట్టింది. "ఏడు అని సార్‌కు చెప్పు వదినా," అంది.

"ఏడు సార్," అన్నాను.

"రెండు." మళ్ళీ కొట్టాడు, ఈసారి రెండో చెంప మీద, చెవికి పెట్టిన దూది ఎగిరిపడేట్టు.

"రెండు సార్."

పక్కన మిరపకాయలమ్మే ఆవిడ తల తిప్పుకుంది. సంచి పట్టుకుని వచ్చిన ఒకాయన, "ఉల్లిగడ్డ ఎట్లిస్తున్నవ్?" అని అడిగాడు. "జర ఆగు అన్నా, ఇంటి పనున్నది, ఇస్త," అన్నాడు ఈయన ఎంతో మర్యాదగా. అని మూడో అంకె చెప్పాడు, కొట్టాడు. నాలుగో అంకె చెప్పి వెనక చేత్తో కొట్టాడు. ఉంగరం తగిలి పెదవి చీలింది. అయిదోదానికి ఆమె తూలి ఉల్లిగడ్డల మీద పడింది. పడ్డది వెంటనే లేచి నిలబడి, ముఖం తుడుచుకోకుండా ఆయన ముందు నిలుచుంది. ఇంకొక్కటే గదా.

ఆయన ఫోను జేబులో పెట్టుకున్నాడు.

"ఆరోది ఇంటికొస్తే చెప్త," అన్నాడు. సంచాయన వైపు తిరిగి, "ఆ చెప్పు అన్నా, ఎన్ని కిలోలు?" అన్నాడు.

నా చేతిలో ఫోను అరుస్తోంది. "అమ్మా, ఇంకో అంకె, ఇంకొక్క అంకె చెప్పండ్రి, అయిపోతున్నది... అయిపోయిందమ్మా."

తిరిగి వచ్చేటప్పుడు బస్సులో ఆమె కిటికీ బయటికి రెండుసార్లు ఉమ్మింది, ఎర్రగా. ఏడవలేదు. నేనే ఏడ్చాను. అమీర్‌పేటలో దిగి నడుస్తుంటే, మెట్రో మెట్ల దగ్గర గొడుగు కింద సిమ్ములు అమ్మే మనిషి ముందు ఆగింది. "ఒక సిమ్ము ఇయ్యన్నా, నా పేరు మీదనే," అంది. ఇంట్లో నా పాత ఫోను ఒకటి పడి ఉంది, దానిలో వేసుకుంటానంది. అతను ఆమె ముఖం ఒకసారి చూశాడు. కార్డు చూసి, గుప్పెట్లో పట్టేంత మిషను ముందు పెట్టి, "వేలు పెట్టక్కా" అన్నాడు. పెట్టింది. పని అయిపోయింది.

"ఓటీపీ అడగవా?" అంది అనుమానంగా.

"వేలు నీది పెట్టినవ్ గదక్కా, మల్ల ఓటీపీ ఎందుకు?"

"మరి కార్డుల నా మొగని నంబరున్నది. ఆయన చెప్పకుంట అది మారదా?"

"ఎందుకు మారదు? ఆధార్ సెంటర్‌కు పోయి గిట్లనే వేలు పెట్టు. కొత్త నంబరు ఎక్కిస్తరు. ఆయనను అడిగేదే లేదు."

మా ఆడబిడ్డ తన బొటనవేలును తిప్పి తిప్పి చూసుకుంది. చీలిన పెదవితోనే నవ్వింది. "ఇంతసేపు గాడిదిలెక్క దెబ్బలు తిన్న గదా వదినా, వేలు నా దగ్గర పెట్టుకొని," అంది. సూపర్‌వైజరుకు ఫోను చేసి వారం గడువు అడిగాం. వారం దాకా ఆగుతానని, ఆ తర్వాత వేరే మనిషిని పెట్టుకుంటానని చెప్పాడు.

పెదవి వాపు దిగాక పోదామనుకున్నాం. ముందురోజు సాయంత్రం ఇంట్లో అందరం కూర్చుని టీ తాగుతూ, రేపు ఉదయమే ఫలానా గల్లీలో ఉన్న సెంటరుకు పోతున్నామని మా ఆయనకు చెప్పాను. మంచిదే, పోండి అన్నాడు. టీ గ్లాసు కింద పెట్టి బయటికి పోయి వచ్చాడు. ఎందుకు పోయాడో నేను అడగలేదు.

సెంటరు ఒక పాత కాంప్లెక్సులో కింది గది. జనం ఒక్కసారిగా లోపలికి తోసుకు రాకుండా షట్టరు నడుము ఎత్తు దాకా దించి పెట్టారు. టోకెను పిలిస్తే వంగి లోపలికి దూరాలి. మిగతావాళ్ళం బయట మెట్ల మీద కూర్చున్నాం. కోర్సులు నేర్చుకునే పిల్లగాళ్ళు బ్యాగులు ఒళ్ళో పెట్టుకుని ఫోన్లు చూసుకుంటున్నారు. నా పక్కన ఒక పెద్దావిడ, విజయవాడ వైపు మనిషి, జరీ అంచు చీర కట్టుకుని విసుక్కుంటూ కూర్చుంది.

"ఏంటండీ, మనల్ని పిలుస్తారంటారా అసలు?" అని అడిగింది నన్ను.

"పిలుస్తరమ్మా, జర ఆగుండ్రి."

"నేను రావడం ఇది మూడోసారండీ. మొదటిసారి మా ఆయన పేరు తప్పు పడింది. సరిచేయమంటే ఈసారి అసలు పేరే లేకుండా పోయింది!"

మా ఆడబిడ్డ ఆమె వైపు వంగింది, వినపడే చెవి పెట్టి. "పోతే పోయింది గదమ్మా. పోయినదాన్ని మల్ల ఎందుకు తెచ్చుకుంటున్నరు?" అంది.

ఆవిడ ముందు తెల్లబోయింది, తర్వాత పకపకా నవ్వింది. మేమూ నవ్వాం. ఆ నవ్వు మధ్యలోనే ఆయన వచ్చాడు.

తెల్ల చొక్కా, ఇస్త్రీ ప్యాంటు, నున్నగా దువ్విన తల. పెళ్ళికి వచ్చినట్టు వచ్చాడు. "బాగున్నవా చెల్లె?" అన్నాడు నాతో. ఈ గల్లీ ఈయనకు ఎవరు చెప్పారు? చెప్పగలిగిన మనిషి ఒక్కడే. అది తెలిసిన క్షణానే లోపల నుంచి మా ఆడబిడ్డ టోకెను పిలిచారు.

ఆమె లేచింది. ఆయన వైపు చూడకుండా నడిచింది. లోపలికి వంగుతూ షట్టరు అంచును కుడిచేత్తో పట్టుకుంది. ఆయన రెండు అంగల్లో చేరాడు. ఆ చేతి మణికట్టు దొరకబుచ్చుకుని, ఆమెను మోకాళ్ళ మీద పడేట్టు కిందికి గుంజి, అరచేతిని గడప ఇనుప పట్టీ మీద పరిచి, మోచేతి మీద బూటు కాలు పెట్టాడు. రెండు చేతులతో షట్టరు పట్టుకుని కిందికి లాగాడు.

ఆ చప్పుడు నేను మరిచిపోలేను. ఇనుము ఇనుముకు తగిలితే వచ్చే చప్పుడు కాదు. మధ్యలో ఏదో ఉన్న చప్పుడు. షట్టరు స్ప్రింగుకు కొంత పైకి లేచింది. మళ్ళీ లాగాడు.

"పెట్టు," అన్నాడు. "ఇప్పుడు పెట్టు నీ వేలు. రేషన్ షాపుల పెడతవు గదా కుడి బొటనవేలు, పెట్టు ఇప్పుడు."

ఆయన ఆలోచించి కొట్టే మనిషని చెప్పాను గదా. రేషన్ షాపులో ఎప్పుడూ ఆమె ఆ వేలే పెట్టేది, ఆయన చూశాడు. కార్డుకు ఆ ఒక్క వేలే తెలుసని ఆయన లెక్క.

నా చేతిలో సంచి ఉంది, సంచిలో హాస్టలు స్టీలు డబ్బా ఉంది, దాని నిండా పిల్లలకు తీసుకుపోవలసిన పచ్చడి ఉంది. సంచి పిడి రెండు చేతులతో పట్టుకుని తిప్పి ఆయన తల మీద కొట్టాను. కనుబొమ్మ చీలింది. ఆయన నా వైపు తిరిగి, కంట్లోకి రక్తం కారుతుంటే, "నువ్వు నడుమల రాకు చెల్లె, నీకు సంబంధం లేదు," అన్నాడు. అప్పుడు కూడా చెల్లె అన్నాడు. మళ్ళీ కొట్టాను. డబ్బా మూత ఊడి పచ్చడి ఆయన తెల్ల చొక్కా మీద, నా చీర మీద, మెట్ల మీద పడింది.

అప్పటికి పిల్లగాళ్ళు లేచారు. ఒకడు వెనక నుంచి ఆయన మెడకు చేయి వేసి షట్టరు దగ్గర నుంచి ఊడలాగాడు. ఆ తర్వాత ఎవరు ఎక్కడ కొట్టారో చెప్పలేను. బ్యాగులతో కొట్టారు, కాళ్ళతో తన్నారు. ఒకడు బెల్టు తీశాడు. కింద పడ్డవాణ్ణి కాలర్ పట్టి లేపి మళ్ళీ పడేశారు. పచ్చడి, రక్తం ఏది ఏదో తెలియలేదు. ఆయన నోట్లోంచి పన్ను ఒకటి ఊడి మెట్టు మీద పడటం మాత్రం చూశాను. ఆపండి అని అనాలని నాకు అనిపించలేదు. ఇంకా కొట్టండని అరిచింది ఎవరో కాదు, నేనే. ఎవరో వందకు ఫోను చేసినట్టున్నారు, ఇద్దరు కానిస్టేబుళ్ళు బండి మీద వచ్చేదాకా అది ఆగలేదు. ఆయనను లేపి ఆటోలో వేసుకుపోయారు. పోతూ పోతూ కూడా ఆయన అరవలేదు, తిట్టలేదు. మా ఆడబిడ్డ చేతి వైపు ఒకసారి చూసి, పని అయింది అన్నట్టు తల తిప్పుకున్నాడు.

మా ఆడబిడ్డ గడప దగ్గరే కూర్చుని ఉంది. కుడిచేయి ఒళ్ళో పెట్టుకుంది, ఎవరిదో చంటిబిడ్డను పెట్టుకున్నట్టు. బొటనవేలు చదునైపోయింది. చూపుడువేలి గోరు తోలుకు వేలాడుతోంది. మధ్యవేలు పక్కకు తిరిగి ఉంది. ముఖం సున్నం కొట్టినట్టు తెల్లగా అయిపోయింది.

"వదినా," అంది. "టోకెను పోతదా?"

లోపల మిషను ముందు కూర్చునే అబ్బాయి షట్టరు పైకెత్తి బయటికి వచ్చాడు. "అక్కా, ముందు దవాఖానకు పొండ్రి. రేపు రాండ్రి, టోకెన్ లేకున్న చేస్త," అన్నాడు.

"రేపటికి ఈ చెయ్యి సుత ఉండదు," అని ఎడమచేయి ఎత్తి చూపించింది. "గిది ఉన్నప్పుడే చెయ్యి తమ్మీ. ఈ చేతి వేళ్ళు పనికొస్తయా, రావా? అది చెప్పు."

"ఏ వేలన్న పనికొస్తదక్కా. పది వేళ్ళూ ఉన్నయ్ అండ్ల."

ఆ మాట విని ఆమె లేచింది. ఎట్లా లేచిందో నాకు ఇప్పటికీ తెలియదు. నేను నడుము పట్టుకున్నాను. కుర్చీలో కూర్చుని కొత్త నంబరు చెప్పింది, ఒక్క అంకె తడబడకుండా. ఎడమ బొటనవేలు అద్దం మీద పెట్టింది. మిషను ఎర్రగా వెలిగింది, తీసుకోలేదు. కుడిచేతిని అదిమి పట్టుకున్న చెయ్యి గదా, వేలంతా రక్తమే. విజయవాడావిడ నన్ను జరిపి ముందుకు వచ్చింది. తన సీసాలో నీళ్ళు వేలి మీద పోసి, కొత్త చీర కొంగుతో తుడిచింది.

"మీ చీర ఖరాబైతదమ్మా," అంది మా ఆడబిడ్డ.

"పోనీవమ్మా చీర. నువ్వు గట్టిగా ఊపిరి తీసుకో. ఆ, ఇప్పుడు పెట్టు," అంది ఆవిడ.

పెట్టింది. అద్దం మీద సన్నగా ఎర్రటి తడి మళ్ళీ అంటుకుంది. అబ్బాయి అద్దం తుడిచాడు. "ఒత్తకక్కా, ఊరికె ఆనియ్యి," అన్నాడు. ఈసారి తీసుకుంది. కాగితం బయటికి వచ్చింది. దాన్ని నా చేతికి ఇచ్చి, మా ఆడబిడ్డ కుర్చీలోనే పక్కకు ఒరిగిపోయింది.

పంజాగుట్ట ఆసుపత్రికి ఆటోలో తీసుకుపోతుంటే ఫ్లైఓవరు కింద ట్రాఫిక్‌లో ఇరుక్కున్నాం. ఆటో డ్రైవరు హారన్ మీద చేయి తీయలేదు. చేతికి చుట్టిన నా కొంగు మొత్తం తడిసి చుక్కలు పడుతున్నాయి. ఆమె తెలివిలోకి వస్తూ పోతూ ఉంది. వచ్చినప్పుడల్లా "కాగితమున్నదా?" అని అడిగేది. ఉన్నదే, రవికెలో పెట్టుకున్న అనేదాన్ని.

ఎముకలు మూడు చోట్ల విరిగాయన్నారు. కట్టు కట్టి, మంచం మీద పడుకోబెట్టాక మా ఆయన వచ్చాడు. పరుగెత్తుకుని వచ్చినట్టున్నాడు, ఖాకీ చొక్కా గుండీలు ఊడి ఉన్నాయి. మంచం పక్కన నిలబడి కట్టు చూసి, నోటికి చేయి అడ్డం పెట్టుకున్నాడు. నేను ఏమీ అడగకముందే చెప్పాడు.

"నిన్న బావకు ఫోన్ చేసిన. చెప్పకుంట చేస్తే ఇంకింత కోపం చేస్తడనుకున్న. ఇంటల్లుడాయె, ఒక మాట చెవుల ఏస్తే బాగుంటదని..."

మా ఆడబిడ్డ దిండు మీద నుంచి లేచింది. "ఇటు రా అన్నా," అంది. ఆయన వంగాడు, చెవి వినపడదు గదా, దగ్గరికి రమ్మంటోందనుకున్నాడు. ఎడమచేత్తో ఆయన చెంప మీద కొట్టింది. సెలైన్ గొట్టం ఊగి, స్టాండు మంచానికి కొట్టుకుంది. మళ్ళీ కొట్టింది. నర్సు పరుగెత్తుకొచ్చింది. మా ఆయన వెనక్కి జరగలేదు. వంగినవాడు వంగినట్టే ఉన్నాడు.

"మీ బావ కొడితే దెబ్బ ఒక్కటి," అంది ఆమె. "నువ్వు చెప్పినవే అన్నా, అది రెండు."

ఆ రోజు మొత్తం మా ఆయన వార్డు బయట వరండాలో కూర్చున్నాడు.

పోలీసులు కేసు రాశారు. మా ఆడబిడ్డ మొగుడు కొన్నాళ్ళు జైల్లో ఉండి వచ్చాడు. రాగానే మా ఆయనకు ఫోను చేశాడు. మేం అన్నం తింటున్నాం. "బావా, దాని కొత్త నంబరియ్యి. మాట్లాడుకుంటం, అయిపోతది," అన్నాడు. గొంతు బాగా గట్టిగా వినిపిస్తోంది. మా ఆయన నమిలే ముద్ద ఆపాడు. నా ముఖం చూశాడు, చెల్లెలి కట్టు చూశాడు. "నా దగ్గర లేదు," అన్నాడు. ఆయన ఇంకేదో అంటూ ఉండగానే పెట్టేశాడు. పెట్టేసి, సగం అన్నం పళ్ళెంలోనే వదిలి చేతులు కడుక్కోవడానికి పోయాడు. పెళ్ళైన ఇన్నేళ్ళలో బావ మాట పూర్తి కాకముందు ఈయన ఫోను పెట్టడం అదే మొదలు. ఆ తర్వాత రెండు రోజులు ఆ బావ మా గల్లీ మొగదల నిలబడ్డాడు, ఉత్తినే, చేతులు వెనక్కి కట్టుకుని. మా ఆయన ఆటో తీసుకుపోయి ఆయన ముందు అడ్డంగా పెట్టి, అందులోనే కూర్చునేవాడు. నేను వీధి తలుపు వెనక రోకలి పెట్టుకుని, వంటకు పోయే వేళ అయ్యేదాకా అక్కడే ఉండేదాన్ని.

సూపర్‌వైజరు చెప్పిన వారం ఎప్పుడో అయిపోయింది. అయినా ఆ రోజు ఫోన్లో దెబ్బల చప్పుడు విన్న మనిషి గదా, ఆ పనికి వేరేవాళ్ళను పెట్టలేదు. కట్టు విప్పిన నాలుగో రోజు ఇద్దరం సెల్లారుకు పోయాం. బొటనవేలు కొంచెం వంగుతుంది. చూపుడువేలు, మధ్యవేలు వంగవు, కర్రల్లా ఉంటాయి. చలికాలం పొద్దున పూట లోపల గుచ్చుతున్నట్టు ఉంటాయంటుంది. సూపర్‌వైజరు ఆ వేళ్ళు చూశాడు గాని, చేయగలవా అని అడగలేదు. కార్డు తీసుకుని కంప్యూటర్లో కొట్టాడు.

మా ఆడబిడ్డ ఎడమచేతిలో ఉన్న పాత ఫోను గుర్రుమంది. ఆమె ఉలిక్కిపడి, దెబ్బ కాచుకున్నట్టు భుజం పైకి ఎత్తింది. అది చూసి సూపర్‌వైజరు తల దించుకున్నాడు.

"ఇటియ్యమ్మా, నేను చూసి కొట్టుకుంట," అని చేయి చాపాడు. అందరి దగ్గరా అట్లాగే తీసుకుంటాడు, పని తొందరగా అవుతుందని.

ఆమె ఫోను గుండెకు ఆనించి పట్టుకుని ఒక అడుగు వెనక్కి వేసింది. వెనక గోడ తగిలింది.

"ఇయ్య సార్," అంది. "నేనే సదువుత. మీరు రాస్కోండ్రి."

ఆయన చాపిన చేయి వెనక్కి తీసుకుని కీబోర్డు మీద పెట్టుకున్నాడు. జనరేటరు మోతలో వినపడాలని ఆమె గట్టిగా చదవడం మొదలుపెట్టింది.